డీ డ్రైవ్ మార్చాలి, 780 జీబీ గేమ్స్ మళ్ళీ దించుకునే నెట్టు నాకు లేదు

కాకినాడ కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. నాది 2020లో కట్టించుకున్న సిస్టమ్. రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్. విండోస్ 11 ఉన్నది 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలో, అదే సీ. గేమ్స్ అన్నీ 1 టీబీ హార్డ్ డిస్క్‌లో, అది డీ. ఇన్నాళ్ళూ దాంతోనే లాక్కొచ్చాను గానీ ఇక నావల్ల కావట్లేదండి. సైబర్‌పంక్‌లో బండెక్కి కాస్త గట్టిగా తోలితే ముందు రోడ్డు వస్తోంది, బిల్డింగులు తీరిగ్గా వెనకాల వస్తున్నాయి. రెడ్ డెడ్ 2 లోడయ్యేలోపు టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి రావచ్చు. దానికితోడు ఈమధ్య డిస్క్ అప్పుడప్పుడూ టిక్కు టిక్కుమంటోంది.

మా బావ వచ్చే వారం హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. వస్తూ వస్తూ సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్లమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఎన్‌వీఎంఈ, అంటే నేరుగా బోర్డుకే బిగించే వేగమైన ఎస్‌ఎస్‌డీ, ఒకటి పట్రమ్మన్నాను. బోర్డు మీద ఎం.2 స్లాట్ ఖాళీగానే ఉంది. ఇక్కడ ఒక షాపులో అడిగితే "అన్నీ పోతాయి, విండోస్ కొత్తగా వేయాల్సిందే, గేమ్స్ నువ్వే దించుకో" అన్నాడు. సరే, దించుకుందామంటే డీలో ఉన్నది 780 జీబీ. మా కేబుల్ నెట్టు 50 ఎంబీపీఎస్, అదీ కాగితం మీద. ఒక్క నిమిషం ఆగకుండా పూర్తి స్పీడ్ వచ్చినా 35 గంటలు. సాయంత్రం ఏడు దాటితే మా వీధి మొత్తం సీరియళ్ళ మీద ఉంటుంది, అప్పుడొచ్చే స్పీడ్ మీకు చెప్పక్కర్లేదు.

డీలో ఉన్నవి ఇవి: స్టీమ్‌లో రెడ్ డెడ్ 2, సైబర్‌పంక్, ఇంకా చిన్నవి చాలా. ఎపిక్‌లో జీటీఏ 5 (2020 మేలో ఫ్రీగా ఇచ్చారు కదా, అదే కాపీ), దానికి బోల్డన్ని మాడ్స్ (గేమ్‌ని మనకి నచ్చినట్టు మార్చే ఫైళ్ళు) వేసి ఉన్నాయి. అవి పోతే మాత్రం నేను బతకలేను. వ్యాలొరెంట్ కూడా అక్కడే. ఇవేవీ పోకుండా, మళ్ళీ దించకుండా కొత్తదాంట్లోకి మార్చే దారుందా? పాత డిస్క్ తీసి మా పిన్ని కొడుక్కి ఇస్తానని మాటిచ్చేశాను, సినిమాలు దాచుకుంటాడట.

ఫ్రెష్ ఇన్‌స్టాల్ బాబాయ్:

ఇంత ఆలోచన దేనికి బ్రో? ఎన్‌వీఎంఈలో విండోస్ కొత్తగా వేసెయ్, ఇన్నేళ్ళ చెత్తంతా ఒక్క దెబ్బకి పోతుంది. గేమ్స్ అంటావా, రోజూ ఆడేవి రెండే ఉంటాయి. అవి రాత్రి పెట్టి పడుకో, పొద్దున్నకి ఉంటాయి. మిగతావి నువ్వెలాగూ ఆడవు.

సీటీసీ అక్క:

బాబాయ్ గారి మాట తీసెయ్యలేం గానీ, ఇక్కడ అడిగినవాడి బాధ విండోస్ కాదు, 50 ఎంబీపీఎస్. పైగా మాడ్స్ రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి రావు.

తమ్ముడూ, షాపతను చెప్పింది సీ మారిస్తే కొంత నిజం. నువ్వు మార్చేది డీ. గేమ్ ఎక్కడుందో స్టీమ్, ఎపిక్ లాంటి ప్రతి లాంచరూ ఒక పాత్ (ఫోల్డర్ చిరునామా) రాసి గుర్తుపెట్టుకుంటుంది. ఆ పాత్ మొదట్లో ఉండేది డీ అనే ఒక్క అక్షరం. అదే అక్షరం కింద అదే ఫోల్డర్ అదే పేరుతో కనపడితే చాలు, లోపల ఉన్నది తిరిగే డిస్కా, చిప్పా అని స్టీమూ అడగదు, ఎపిక్కూ అడగదు. కాబట్టి నీ పని ఇంతే: డీలో ఉన్నదంతా కొత్తదాంట్లోకి కాపీ చేసి, డీ అనే అక్షరాన్ని పాతదాని దగ్గర తీసుకుని కొత్తదానికి ఇవ్వడం. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. సీ జోలికి అసలు వెళ్ళకు. సాటా ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ హాయిగానే నడుస్తుంది, దాన్ని ఎన్‌వీఎంఈకి మార్చినందువల్ల నీ కంటికి కనపడే తేడా పెద్దగా ఉండదు. గేమ్స్‌కి హార్డ్ డిస్క్ నుంచి ఎన్‌వీఎంఈకి వస్తే కనపడుతుంది. సైబర్‌పంక్ వాళ్ళు ఫాంటమ్ లిబర్టీ తర్వాత కనీస అర్హతల్లోంచే హార్డ్ డిస్క్ తీసేశారు, నువ్వు చూస్తున్న ఆ ఆలస్యపు బిల్డింగులు అందుకే.

అన్నిటికంటే ముందు ఆ టిక్కు టిక్కు సంగతి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీగా దొరుకుతుంది, అది వేసి హార్డ్ డిస్క్ మీద నొక్కు. కింద వరసల్లో 05, సీ5 అని రెండుంటాయి. 05 అంటే ఇప్పటికే పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పడినవి. కుడి చివర రా వాల్యూలో సున్నాలే ఉంటే చాలావరకు నిశ్చింతగా ఉండు. సీ5లో అంకె కనపడితే మాత్రం బావ వచ్చేదాకా ఆ డిస్క్ మీద ఏమీ ఆడకు, జీటీఏ ఫోల్డర్‌లో మాడ్స్ వరకూ ఈ రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి లాగేసుకో.

బావకి చెప్పాల్సినవి. ఎం.2 అని రాసి ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ అయిపోదు, అదే సైజులో సాటా ముక్కలు కూడా అమ్ముతారు. ప్యాకెట్ మీద ఎన్‌వీఎంఈ, 2280 (22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు) రెండూ ఉండాలి. నీ బీ450 బోర్డులో పీసీఐఈ (ఎస్‌ఎస్‌డీకి డేటా వెళ్ళే దారి) జెన్ 3 వరకే, అంటే సెకనుకి 3500 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. జెన్ 4 కొన్నా నడుస్తుంది, కాకపోతే జెన్ 3 స్పీడ్‌లోనే. జెన్ 5 అని అంటగట్టబోతే దండం పెట్టి వచ్చేయమను. లోపలి చిప్ రకం టీఎల్‌సీ అని అడిగి తీసుకోవాలి. క్యూఎల్‌సీవి చవగ్గా వస్తాయి గానీ వందల జీబీ ఒకేసారి రాస్తుంటే మధ్యలో చతికిలబడతాయి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోమను, వారంటీకి వెళ్ళినప్పుడు అదే ఆధారం. ఇంకొకటి: 1 టీబీ అని కొన్నది విండోస్‌లో 931 జీబీగా కనపడుతుంది. నువ్వు ఇప్పటికే 780 మీద కూర్చున్నావు. జేబు ఒప్పుకుంటే 2 టీబీకి వెళ్ళు.

బిగించేటప్పుడు జనం ఆగిపోయేది స్క్రూ దగ్గర. ఆ బుల్లి స్క్రూ, దాని కింద స్టాండాఫ్ (ముక్కని బోర్డుకి కాస్త ఎత్తులో నిలిపే చిన్న దిమ్మ) బోర్డు డబ్బాలో చిన్న కవర్లో వచ్చి ఉంటాయి, ఆ డబ్బా నీ అటక మీద ఉంటుంది. ఎస్‌ఎస్‌డీతో ఇవి సాధారణంగా రావు, అందుకని బావ బయల్దేరే ముందే వెతుక్కో. స్టాండాఫ్ లేకుండా నేరుగా బోర్డుకి నొక్కి బిగిస్తే ముక్క వంగుతుంది. పవర్ వైరు పీకేసి, క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని, ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా స్లాట్‌లోకి తోయి, మెత్తగా కిందికి నొక్కి స్క్రూ వెయ్. దాని మీదున్న స్టిక్కర్ పీకకు, వారంటీ పోతుంది. బోర్డుకి హీట్‌సింక్ ఉంటే మాత్రం దాని అడుగున ప్యాడ్ మీదున్న ప్లాస్టిక్ పొర తియ్యాలి. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. ఆన్ చేశాక హార్డ్ డిస్క్ మాయమైతే కంగారుపడకుండా దాని కేబుల్ వేరే పోర్టుకి మార్చు. ఏయే పోర్టులో మాన్యువల్‌లో ఉంటుంది.

ఆన్ చేయగానే దిస్ పీసీలో కొత్తది కనపడదు. డెడ్ పీస్ ఇచ్చాడని బావని తిట్టకు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఇనిషియలైజ్ చెయ్యమంటుంది, జీపీటీ (డిస్క్‌ని భాగాలు చేసే కొత్త పద్ధతి) ఎంచుకో, విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఒకే వాల్యూమ్ చెయ్. ప్రస్తుతానికి దానికి ఈ (E) అనే అక్షరం వస్తుందనుకుందాం.

కాపీకి మామూలు కాపీ పేస్ట్ వద్దు, మధ్యలో ఒక ఫైల్ దగ్గర ఆగితే ఎక్కడిదాకా వచ్చిందో తెలీదు. విండోస్‌లోనే రోబోకాపీ ఉంది. లాంచర్లన్నీ మూసెయ్, కింద గడియారం పక్కన దాక్కున్న స్టీమ్ బొమ్మతో సహా. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి, రోబోకాపీ అని కొట్టి, డీలోని ఫోల్డర్ పాత్, ఈలో అదే పేరుతో పాత్, చివర స్లాష్ ఈ, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 ఇవ్వు. పాత్‌లో ఖాళీలుంటే కోట్స్ మధ్య పెట్టు. మొదటిది సబ్ ఫోల్డర్లతో సహా తెమ్మని. మిగతా రెండూ నీకు మరీ ముఖ్యం. అవి ఇవ్వకపోతే చదవలేని ఫైల్ తగిలినప్పుడు రోబోకాపీ 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షలసార్లు ప్రయత్నిస్తుంది. లెక్కేసుకో, ఒక్క చెడ్డ ఫైల్ దగ్గర 347 రోజులు కూర్చుంటుంది. 1, 1 ఇస్తే ఒకసారి చూసి ముందుకెళ్ళిపోతుంది, చివర్లో ఫెయిల్డ్ కింద ఎన్నో చెబుతుంది. పాత డిస్క్ స్పీడ్‌ని బట్టి మొత్తం రెండు మూడు గంటలు పడుతుంది.

అయ్యాక అక్షరాల మార్పు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత డీని ఎక్స్ చెయ్, తర్వాత ఈని డీ చెయ్, రీస్టార్ట్ కొట్టు. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునేది) డీలో పెట్టి ఉంటే అక్షరం మార్చనివ్వదు, ముందు దాన్ని సీకి మార్చుకో. ఏ గేమ్‌కీ వెరిఫై నొక్కక్కర్లేదు, జీటీఏకి అసలే వద్దు. వెరిఫై అంటే ఒరిజినల్‌తో తేడా ఉన్న ఫైళ్ళన్నీ సరిచేయడం, దాని దృష్టిలో నీ మాడ్ మార్చిన ఫైళ్ళు కూడా పాడైన ఫైళ్ళే.

పాత డిస్క్ తీసి పిన్ని కొడుక్కి ఇచ్చే ముందు ఒకటి చూసి చెప్పు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అని 100 ఎంబీ ముక్క ఒకటి ఉంటుంది. అది ఎస్‌ఎస్‌డీ వరసలో ఉందా, హార్డ్ డిస్క్ వరసలో ఉందా?

కాకినాడ కుర్రోడు:

అక్కా, మీరు చెప్పినట్టే చూశాను. 05లో 8 ఉంది, సీ5 సున్నా. పసుపు రంగులో కాషన్ అని చూపిస్తోంది. మాడ్స్ పెన్‌డ్రైవ్‌లో వేసేశాను. అటక మీద డబ్బా దొరికింది, కవర్లో స్క్రూ, స్టాండాఫ్ రెండూ ఉన్నాయి.

ఆ ఈఎఫ్‌ఐ ముక్క మాత్రం డిస్క్ 0లో ఉందండి. డిస్క్ 0 అంటే హార్డ్ డిస్కే. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ డిస్క్ 1. ఇది మంచిదా, చెడ్డదా?

రీస్పాన్ రాజా:

అక్క ఆ ముక్క సంగతి చూసుకుంటారు గానీ, నేను సేవ్స్ గురించి చెప్తా. చాలామంది గేమ్ ఫోల్డర్ కాపీ చేస్తే సేవ్ కూడా వచ్చేసిందనుకుంటారు. ఎక్కువ గేమ్స్ సేవ్ పెట్టేది సీలో. జీటీఏ 5వి డాక్యుమెంట్స్‌లో రాక్‌స్టార్ గేమ్స్ కింద ప్రొఫైల్స్‌లో, సైబర్‌పంక్‌వి యూజర్ ఫోల్డర్‌లో సేవ్డ్ గేమ్స్ కింద, ఎల్డెన్ రింగ్‌వి యాప్‌డేటా రోమింగ్‌లో. ఈ బ్రో సీ ముట్టుకోవట్లేదు కాబట్టి వాటికి ఢోకా లేదు. బాబాయ్ చెప్పినట్టు సీ తుడిచేవాళ్ళు మాత్రం ముందు ఇవి దాచుకోవాలి. స్టీమ్ క్లౌడ్ ఉందిగా అనుకోవద్దు, అన్ని గేమ్స్‌కీ ఉండదు.

విండోస్ కొత్తగా వేసినా గేమ్స్ డ్రైవ్ అలాగే ఉంటే మళ్ళీ దించక్కర్లేదు. స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్ళి ఆ డ్రైవ్‌ని జోడిస్తే అన్నీ వరసగా ప్రత్యక్షమవుతాయి. అవి కనపడేది స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లో గేమ్‌కొకటి చొప్పున ఉండే యాప్‌మ్యానిఫెస్ట్ ఫైల్ వల్ల. గేమ్ ఫైళ్ళుండే కామన్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసి ఇవి వదిలేసినవాళ్ళకి "గేమ్స్ పోయాయి" అనిపిస్తుంది. అప్పుడు కూడా అదే డ్రైవ్‌లోకి ఇన్‌స్టాల్ నొక్కితే, ఉన్న ఫైళ్ళు గుర్తుపట్టి లేనివే దించుకుంటుంది. యూబీసాఫ్ట్‌లో, బ్యాటిల్‌నెట్‌లో ఫోల్డర్ చూపించే లొకేట్ ఆప్షనే ఉంది. ఎపిక్‌కి పాత చిట్కా: గేమ్ ఫోల్డర్ పేరు మార్చి దాచి, ఇన్‌స్టాల్ మొదలెట్టి, రెండు శాతం రాగానే ఆపి లాంచర్ మూసేసి, దాచిన ఫైళ్ళు కొత్త ఫోల్డర్‌లో వేసి రెజ్యూమ్ నొక్కడం. అది వెరిఫై చేసుకుంటూ పోతుంది, అంటే మాడ్స్ ఉన్నవాళ్ళకి పనికిరాదు.

గేమ్ పాస్ (మైక్రోసాఫ్ట్ గేమ్స్ చందా) వాళ్ళు ఈ దారులేవీ పట్టుకోవద్దు. ఆ ఫోల్డర్లకి పర్మిషన్లు వేరు, చేత్తో కాపీ చేసింది నడవదు. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి వెళ్ళి ఆ గేమ్ పక్కన మూవ్ నొక్కడమే పద్ధతి.

సీటీసీ అక్క:

ఆ 8 సెక్టార్లు ఇప్పటికే పక్కన పెట్టేసినవి కాబట్టి కాపీకి పెద్దగా భయం లేదు. కానీ ఆ డిస్క్‌లో పిన్ని కొడుకు సినిమాలు పెట్టుకోవచ్చు, పెళ్ళి ఫోటోలు పెట్టొద్దని చెప్పు.

ఈఎఫ్‌ఐ ముక్క హార్డ్ డిస్క్‌లో ఉండటమే అసలు ముడి. కంప్యూటర్ ఆన్ కాగానే బయోస్ ముందు వెతికేది దాన్నే, విండోస్‌ని లేపే ఫైళ్ళు అందులో ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసిన రోజు రెండు డ్రైవ్‌లూ తగిలించి ఉంటే విండోస్ ఒక్కోసారి ఆ ముక్కని వేరే డిస్క్‌లో పెట్టేస్తుంది. డిస్క్ కదపనంతకాలం ఏ గొడవా ఉండదు. నువ్వు పీకిన మరుక్షణం సీలో విండోస్ భద్రంగా ఉన్నా బూట్ డివైస్ లేదంటుంది. షాపులో చూపిస్తే "విండోస్ పోయింది" అని మళ్ళీ వేస్తారు.

పీకే ముందు విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీలో కొత్త ఈఎఫ్‌ఐ ముక్క చెయ్యాలి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి తీసి కాగితం మీద రాసుకో. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని 300 ఎంబీ ష్రింక్ చెయ్. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ (డిస్క్ భాగాలు చేసే విండోస్ టూల్) తెరిచి లిస్ట్ డిస్క్ కొట్టు. నంబర్ని గుడ్డిగా నమ్మకు, ఎన్‌వీఎంఈ పెట్టాక మారిపోయి ఉండొచ్చు, సైజు చూసి 240 జీబీది పట్టుకో. దాని చివర జీపీటీ కాలమ్‌లో చుక్క ఉండాలి, లేకపోతే అక్కడే ఆగి నాకు చెప్పు. ఉంటే ఆ డిస్క్‌ని సెలెక్ట్ చేసి, క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ. తర్వాత ఫ్యాట్32లో క్విక్ ఫార్మాట్. తర్వాత ఎస్ అనే అక్షరం అసైన్ చేసి బయటికి రా. చివరిగా, బూట్ ఫైళ్ళు రాసే బీసీడీబూట్ కమాండ్‌కి సీలోని విండోస్ ఫోల్డర్ ఇచ్చి, స్లాష్ ఎస్ పక్కన ఎస్ కోలన్, స్లాష్ ఎఫ్ పక్కన యూఈఎఫ్‌ఐ. బూట్ ఫైళ్ళు తయారయ్యాయని ఒక లైన్ వస్తుంది. డిస్క్‌పార్ట్‌లో ఉన్నంతసేపూ క్లీన్ అనే మాట మాత్రం కొట్టకు. అది నిజంగానా అని అడగదు, తుడిచేస్తుంది.

బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్ రెండుసార్లు కనపడుతుంది. ఎస్‌ఎస్‌డీ పేరున్నది పైకి తెచ్చుకుని, సిస్టమ్ ఆపి, హార్డ్ డిస్క్ సాటా కేబుల్ ఒక్కటీ పీకి ఆన్ చేసి చూడు. లేస్తే గెలిచినట్టే. లేవకపోతే కేబుల్ మళ్ళీ తగిలించు, ఎప్పట్లాగే లేస్తుంది.

కాకినాడ కుర్రోడు:

అయిపోయిందండి! బావ 1 టీబీయే తెచ్చాడు, 2 టీబీ ధర విని వాడికే కళ్ళు తిరిగాయట. పొద్దున్న బిగించాను. డిస్క్ నంబర్లు నిజంగానే మారాయి, మీరు సైజు చూడమన్నారు కాబట్టి సరిపోయింది. జీపీటీ చుక్క ఉంది. కేబుల్ పీకి ఆన్ చేసినప్పుడు మాత్రం గుండె చేతిలో పట్టుకున్నాను, మామూలుగానే లేచింది.

రోబోకాపీ చివర్లో ఫెయిల్డ్ కింద 1 చూపించింది. పైకి వెళ్ళి చూస్తే రెడ్ డెడ్‌లో ఒక పెద్ద ఫైల్. దాని ఒక్కదానికీ స్టీమ్‌లో వెరిఫై కొట్టాను, ఆ ఫైల్ వరకే మళ్ళీ దించుకుంది. జీటీఏని ముట్టుకోలేదు, నా మాడ్స్ బళ్ళన్నీ గ్యారేజ్‌లో ఉన్నాయి. వ్యాలొరెంట్ ఏమీ అడక్కుండా ఓపెనయ్యింది. సైబర్‌పంక్‌లో బిల్డింగులు ఇప్పుడు నాకంటే ముందే వచ్చి నిలబడుతున్నాయి.

పాత డిస్క్ అక్షరం ఎక్స్ చేసి ఇంకా లోపలే ఉంచాను. ఎన్నాళ్ళకి ఇచ్చెయ్యమంటారు అక్కా?

సీటీసీ అక్క:

ప్రతి గేమ్ ఒకసారి తెరిచి, సేవ్ లోడయ్యిందని చూసుకున్నాక ఇచ్చెయ్. ఇచ్చే ముందు దాన్ని ఫార్మాట్ చేస్తావుగా, ఆ 100 ఎంబీ పాత ఈఎఫ్‌ఐ ముక్క మీద డిలీట్ వాల్యూమ్ పనిచేయదు, బూడిద రంగులో ఉంటుంది. అదేం పట్టించుకోకు, అలాగే ఉండనీ. పిల్లాడికి 100 ఎంబీ తగ్గితే సినిమాలో ఒక పాట కూడా తగ్గదు.

రీస్పాన్ రాజా:

బ్రో, ఇంతకీ బావ ఎంతకి తెచ్చాడు? నేనూ సీటీసీకే వెళ్దామనుకుంటున్నా.

కాకినాడ కుర్రోడు:

బిల్లు ఇచ్చాడు గానీ డబ్బులు తీసుకోవట్లేదండి, అదే భయంగా ఉంది. వాడి సిస్టమ్ కూడా నేనే మార్చాలట, దాంట్లో మూడు హార్డ్ డిస్క్‌లు ఉన్నాయి.